విడతలుగా నడిచినా దారి దారే



ఒక పనిని ఏకబిగిన ముగించినవాడు గొప్పవాడా, లేక ఆగుతూ ఆగుతూ ఏళ్ల తరబడి చేసి ముగించినవాడు గొప్పవాడా? మనలో చాలామంది తడుముకోకుండా మొదటివానినే మెచ్చుకుంటాం. రెండవవానిని చూసి “ఏదో, ఎలాగో పూర్తి చేశాడులే” అంటాం. ఈ తీర్పు సరైనదేనా?

అమెరికా తూర్పు భాగాన అపలాచియన్ పర్వతాల మీదుగా ఒక కాలిబాట ఉంది. జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ మీద మొదలై, 14 రాష్ట్రాలగుండా సాగి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం చేరుతుంది. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. 1921లో బెంటన్ మెకాయ్ ఈ ఆలోచన వెలిబుచ్చగా, 1937 నాటికి బాట పూర్తయింది. చెట్ల మీద, బండల మీద వేసిన తెల్లరంగు గుర్తులే బాటసారులకు దారి చూపుతాయి. 1948లో ఎర్ల్ షాఫర్ ఒకే యాత్రలో దీన్నంతా నడిచిన తొలి వ్యక్తిగా పేరు పొందాడు. అలా నడవడానికి సాధారణంగా ఐదు నుండి ఏడు నెలలు పడుతుంది.

ఉద్యోగం, చిన్నపిల్లలు, మంచాన పడిన తల్లిదండ్రులు ఉన్నవారికి అన్ని నెలలు ఎక్కడివి? అందుకే కొందరు ఈ బాటను విడతలుగా నడుస్తారు. ఈ ఏడు సెలవుల్లో కొంత, వచ్చే ఏడు మరికొంత. ఇలా పది, ఇరవై ఏళ్లు పట్టేవారూ ఉన్నారు. బాట సంరక్షణ చూసే సంస్థ మాత్రం ఏకబిగిన నడిచినవారికీ, విడతలుగా నడిచినవారికీ ఒకే గుర్తింపు ఇస్తుంది. ఏ వరుసలో నడిచారు, ఎంతకాలం పట్టింది అన్నది లెక్కలోకి తీసుకోదు. వెంట వచ్చి లెక్కచూసేవారూ లేరు. నడిచినవారి మాటే సాక్ష్యం.

“మధ్యలో ఇంటికి పోయి, వేడినీళ్ల స్నానం చేసి, పరుపు మీద నిద్రపోయి వచ్చినవానికీ, నెలల తరబడి వానలో తడిసినవానికీ ఒకే కొలతా?” అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 13వ శతాబ్దపు తత్త్వవేత్త పునీత తోమాస్ అక్వినాస్ తన ‘సుమ్మా థియోలోజికా’లో దీనికి ఉపయోగపడే ఒక తేడా చూపారు. పని దీర్ఘకాలం సాగడం వల్లనే కలిగే కష్టాన్ని ఓర్చి నిలవడం ఒక సుగుణం. బయటినుండి వచ్చే ఇతర ఆటంకాలకు లొంగక నిలవడం మరొక సుగుణం. మొదటిదాన్ని పట్టుదల అనీ, రెండవదాన్ని స్థిరత్వం అనీ అనుకుందాం. రెంటి గమ్యం ఒకటే, మంచిలో నిలిచి ఉండడం.

ఏకబిగిన నడిచేవానికి పట్టుదల కావాలి. విడతలుగా నడిచేవానికి స్థిరత్వం మరింత కావాలి. ప్రతి ఏడూ అతడు మెత్తని పరుపును కొత్తగా విడిచిపెట్టాలి. గట్టిపడిన కాళ్లు ఇంటి దగ్గర మళ్లీ మెత్తబడతాయి, మళ్లీ బొబ్బలెక్కుతాయి. “ఇక చాలులే” అనే మాట ఇంట్లోనే వినబడుతుంది. మొదటివాడు ఒక్కసారి బయలుదేరితే, ఇతడు ఇరవైసార్లు బయలుదేరాలి.

అయితే ఇందులో ఒక ప్రమాదముంది. ఆగడం వేరు, మానేయడం వేరు. మానేసినవాడు కూడా “ఆగాను” అనే చెప్పుకుంటాడు. తేడా తెలిసేదెలా? ఆగినవానికి తాను ఎక్కడ ఆగాడో గుర్తుంటుంది, అతడు ఆ చోటికే తిరిగి వస్తాడు. మానేసినవానికి ఆ చోటు గుర్తుండదు. ఇంకొక పరీక్ష కూడా ఉంది. విడతలుగా నడిచేవాడు మంచి వాతావరణం చూసుకుని సులువైన భాగాలు ముందే ముగించవచ్చు. కాని మెయిన్ రాష్ట్రంలో మహూసక్ నాచ్ అనే ఇరుకు లోయ ఉంది. సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరం పెద్ద పెద్ద బండల మీదుగా, వాటి సందుల్లోనుండి పాకుతూ పోవాలి. దాన్ని ఎన్నేళ్లు వాయిదా వేసినా అది అక్కడే ఉంటుంది. దాన్ని వదిలేసి “అంతా నడిచాను” అంటే పట్టుకునేవారు ఉండకపోవచ్చు, కాని బాట పూర్తి కానట్టే.

పాఠకులారా, మీ ఇళ్లలోకి చూడండి. పెళ్లివల్ల పదో తరగతితో చదువాపి, నలభయ్యో ఏట మళ్లీ పుస్తకం పట్టిన తల్లి ఉండవచ్చు. తాగుడు మాని, జారిపడి, మళ్లీ మానిన అన్న ఉండవచ్చు. ఏళ్లపాటు మాటల్లేని అన్నదమ్ములు ఒక పండుగకు పలకరించుకుని, మళ్లీ దూరమై ఉండవచ్చు. వీరిని “నిలకడ లేనివారు” అని కొట్టివేయడం సులభం. వారు ఎన్నిసార్లు ఆగారన్నది మనకు తెలుసు. ఎన్నిసార్లు తిరిగి బయలుదేరారో ఎవరైనా లెక్కపెట్టారా?

మీ సంగతి కూడా ఆలోచించండి. సగంలో విడిచిన మంచిపని ఒకటి మీకూ ఉండే ఉంటుంది. మొదటినుండి మొదలుపెట్టనక్కరలేదు. ఎక్కడ ఆగారో ఈ వారం ఆ చోటును గుర్తుచేసుకుని, అక్కడినుండి ఒక్క రోజు నడక నడవండి.