ఆకులో చీజు దుంపలు

పోయినవాళ్లకి ఆకులో ఏం పెట్టాలి? మా చీమకుర్తిలో దీనికి రెండు జవాబులున్నాయి. శాస్త్రం ఒప్పుకున్నది పెట్టాలని ఒకటి, వాళ్లకి ఇష్టమైంది పెట్టాలని ఇంకొకటి. మా రైతుల ఇళ్లలో నడిచేది రెండోదే. పిండాల పని పంతులుగారు చెప్పినట్టు ముగించాక, పెద్దకర్మ రోజు ఫోటో ముందు విస్తరేసి, గారెలు బూరెల పక్కన బీడీ కట్టో, క్వార్టర్ సీసానో పెట్టి, తలుపు దగ్గరకేసి అందరం బయటికొస్తాం. అది చూసి ఎవరూ నవ్వరు. మా అత్తయ్య దగ్గర మాత్రం పెద్ద పంచాయితీ అయింది. ఆమెకి ఇష్టమైంది చీజు వేసి బేక్ చేసిన బంగాళాదుంప.

ఆ రుచి ఆమెకి అమెరికాలో అంటుకుంది. మా ఆడబిడ్డ ఉండేది సాల్ట్ లేక్ సిటీ దగ్గర. అక్కడ మోర్మన్ చర్చివాళ్లు ఎక్కువ. ఎవరింట్లోనన్నా మనిషి పోతే చర్చి ఆడవాళ్లు కూడి ఆ ఇంటివాళ్లకి భోజనం పెడతారు, అందులో ఈ దుంపల ట్రే ఉండాల్సిందే. దానికి ఫ్యునరల్ పొటాటోస్ అనే పేరే పడిపోయింది. 2002లో ఆ ఊళ్లో శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు జ్ఞాపకంగా అమ్మిన పిన్నుల్లో ఈ వంటకం బొమ్మ ఉన్నదీ ఒకటుంది. పక్కింటి పెద్దాయన పోతే మా ఆడబిడ్డ ఒక ట్రే చేసి అక్కడికి పంపి, ఇంకోటి ఇంట్లో ఉంచింది. అత్తయ్య తిని, "చావింటికి ఇంత రుచిగా పంపితే వాళ్లకి ఏడుపెట్టా వస్తదే?" అందట. ఊరొచ్చాక పండగలకి నాచేత చేయించుకునేది. మన కారం, దంచిన వెల్లుల్లి పడితే తప్ప ముట్టేది కాదు.

ఆమె పోయాక, "ఆకులో అది కూడా పెడదాం వదినా" అని ఆడబిడ్డ అడిగింది. మా చినమామయ్య ఒప్పుకోలేదు. క్వారీలు నడిపిన మనిషి, ఏ మాటైనా రాయి పగలేసినట్టే చెబుతాడు. చీజులో దూడ పొట్టలోది ఏదో కలుపుతారంట, అది మీ అమ్మకి పెడతారా అన్నాడు. మాట అబద్ధం కాదు. పాలు విరగడానికి పాత పద్ధతిలో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. మన దగ్గర పచ్చచుక్క ఉన్న ప్యాకెట్లో అది ఉండదు, వేరే ఎంజైము వాడతారు. ప్యాకెట్ చూపించా. అయితే మీరు దుంపలు కాల్పించే బేకరీ ఓవెన్లో గుడ్డు పఫ్‌లు కాలుస్తారు కదా అన్నాడు. క్వార్టర్ సీసాకి లేని మడి దుంపకెందుకు మామయ్యా అని నోటిదాకా వచ్చింది కానీ ఊరుకున్నా. ఆఖరికి, "అసలు ఆ దుంపే మనది కాదు" అన్నాడు.

ఎదురింటి మాస్టారు ఈ మాట పట్టుకున్నారు. బ్రాహ్మలు, బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. "మా ఇంట్లో తద్దినానికి బంగాళాదుంప, క్యాబేజీ రానివ్వం. అది నిజమే. కానీ మిరపకాయ కూడా రానివ్వం, మిరియాలతోనే వంట. మరి మీ గారెల్లో పచ్చిమిరపకాయ సంగతేంటి?" అన్నారు. చినమామయ్య దగ్గర జవాబు లేదు. దుంప, మిరప రెండూ అమెరికా ఖండాలవే. పోర్చుగీసువాళ్లు ఓడల్లో వచ్చేదాకా మిరపకాయ అనేదొకటుందని ఇక్కడెవరికీ తెలియదు. గుంటూరు యార్డుకి మిరప టిక్కీలు తోలి పిల్లల పెళ్లిళ్లు చేసిన ఇళ్లు మావి. ఐదొందల ఏళ్ల కిందటి మా తాతముత్తాతలు కాకి రూపంలో వచ్చి ఇప్పటి గారె ముట్టుకుంటే, ఆ ఘాటుకి మళ్లీ ఈ గడప తొక్కరు. కాబట్టి ఏది మనది అనే వాదన దుంపతో ఆగదు. పట్టుకుంటే పచ్చళ్ల జాడీ దాకా పోతుంది.

నన్ను తొలిచింది మాత్రం వేరే. ఆమెకిష్టమని పెడుతున్నాం సరే, ఇష్టపడే మనిషి ఇంకా ఉందా? సపిండీకరణంతో ప్రేతరూపం పోయి పితృదేవతల్లో కలిసిపోతారని పంతులుగారే చెప్పారు. తల్లిదండ్రులది వసురూపం, ఆ పైతరం రుద్రులు, దాని పైన ఆదిత్యులు. వసువులకి వెల్లుల్లి కారం మీద ప్రత్యేకమైన మనసు ఉంటుందని నేననుకోను. ఇంకా వెనక్కి పోతే రామాయణంలో జాబాలి అనే ముని ఉండనే ఉన్నాడు. చచ్చినవాడు ఏం తింటాడు, ఇదంతా అన్నం పాడుచేసుకోవడం కాదా అని రాముడినే నిలదీశాడు. ఇక్కడ ఒకరు తింటే ఇంకొకరికి చేరేటట్టయితే దూరం పోయేవాడికి దారిబత్తెం కట్టడం దేనికన్నాడు. ఆ లెక్కన మా ఊరి నల్లరాయి వేసుకుని చెన్నై పోర్టుకి పోయే లారీ డ్రైవరు పేరున ఇక్కడ ఒకడికి పెడితే చాలు, అతను నెల్లూరు దగ్గర హోటలు ముందు బండి ఆపక్కర్లేదు. వాదన గట్టిది. రాముడికి కోపం వచ్చింది గానీ, కోపం జవాబు కాదు.

జవాబు అదే అయోధ్యకాండలో, జాబాలి నోరు విప్పకముందే ఉందని మాస్టారు చూపించారు. దశరథుడు పోయిన కబురు భరతుడు చిత్రకూటానికి తెచ్చాక రాముడు మందాకినిలో తర్పణం వదిలి, అడవి గారకాయల పిండిలో రేగుపండ్లు కలిపి, దర్భల మీద పిండం పెట్టాడు. మేం తినేది ఇదే, నువ్వూ ఇదే తిను అన్నాడు. మనిషి ఏది తింటే అతని దేవతలూ అదే తింటారన్నాడు. కాసేపటికి కౌసల్య ఆ పిండం చూసి, భూమినేలిన రాజు ఈ గారపిండి ఎట్లా తింటాడని గుండె బాదుకుంది. చివరికి ఆమె నోట కూడా ఆ మాటే వచ్చింది, లోకం చెప్పుకునేది నిజమేననిపిస్తోంది అని. కొడుకు మొహమాటం లేకుండా అన్న మాటే తల్లి ఏడుస్తూ అంటుంది. రామాయణం ఇన్నిసార్లు విన్నా ఇది నా చెవిన పడనే లేదు.

దశరథుడికి ఏది ఇష్టమో రాముడికి తెలియదా? అయినా ఆ లెక్క చూడలేదు, శాస్త్రం ఒప్పుకునే వంటల పట్టీ కూడా చూడలేదు. తన ముందున్నది పంచుకున్నాడు. పోయినవాళ్లకి వేరే పొయ్యి పెట్టొద్దు, మన పంక్తిలోనే కూర్చోబెట్టాలి అని నాకర్థమైంది. తిండి చేరుతుందా లేదా అని జాబాలి అడిగింది అప్పుడు పక్కకి పోతుంది. చేరకపోయినా మన అన్నంలో వాళ్లకి భాగం ఉందని ఒప్పుకోవడం మన పని. ఇది నా తీర్పు, పంతులుగారిది కాదు.

అందుకే చినమామయ్య కాస్త మెత్తబడి, "సరే, ఆకులో పెట్టేంత చెయ్, జనానికొద్దు" అంటే, ఈసారి నేను ఒప్పుకోలేదు. చేస్తే బంతి మొత్తానికీ చేయాలి, లేకపోతే ఆకులోనూ వద్దన్నా. మా ఆయన తల దించుకుని నవ్వుకున్నాడు.

దుంపల్ని కొంచెం పలుకుండగానే దింపి, పూర్తిగా ఆరనిచ్చి కోరాలి. వేడి మీద కోరితే చిదికి ముద్దయిపోతుంది. అమెరికాలో డబ్బా సూపు, పులిసిన క్రీము వాడతారు. ఆ రెంటికీ బదులు వెన్నలో మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు పోసి చిక్కబడనిచ్చి, గుడ్డలో వేలాడగట్టిన పెరుగు కలిపా. చీజు, కారం, వెల్లుల్లి. పైన వెన్నలో తిప్పిన కార్న్‌ఫ్లేక్స్ నలిపి చల్లడం. కర్నూలు రోడ్డు మీద బేకరీ అబ్బాయి బ్రెడ్డు దింపాక, ఓవెన్ చల్లారేలోపు ట్రేలు లోపలికి తోశాడు. బయటికి తీసేసరికి అంచుల్లో చీజు కాగి, ట్రేకి గోధుమరంగు పట్టుగా అంటుకుంది. అత్తయ్య ఆ అంచు చెంచాతో గీకి, ముందు తను తిని తర్వాత మాకు పెట్టేది.

బంతిలో ముసలాళ్లు చాలామంది వేలితో కదిపి వదిలేశారు. మా వెనక గదుల్లో అద్దెకుండే పాలిషింగ్ ఫ్యాక్టరీ కుర్రాళ్లు, రాజస్థాన్ వాళ్లు, ఒడిశా వాళ్లు, "ఆలూ" అంటూ మారు అడిగారు. చినమామయ్య తినలేదు. ఆకులో పెట్టేటప్పుడు మాత్రం "ఆ అంచుది పెట్టమ్మాయ్" అన్నాడు.

ఇప్పుడు సంవత్సరీకం వస్తోంది. ఆడబిడ్డ ఈసారి రాలేనంది, అక్కడే ఆకు వేస్తానంటోంది. తిథి అక్కడి అపరాహ్నం బట్టి చూసుకోమని పంతులుగారు చెప్పారు. "ఆ రోజు నాకు ఆఫీసుంది వదినా, దుంపలు చేసే తీరికుండదు" అని ఫోన్లో బాధపడింది. ఆ రోజు నువ్వేం తింటావని అడిగా. పాస్తా అంది. అయితే ముందు ఆకులో పెట్టి, తర్వాత నువ్వు తిను అన్నాను. చినమామయ్యకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.