వరుసను నిర్ణయించే అధికారం

అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు, 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. అయితే అధికారమంటే ఏమిటో తెలుసుకోదలచినవారికి ఆయన చేపట్టిన పదవులకంటే ఆయనను చుట్టుముట్టిన రెండు వివాదాలే ఎక్కువ చెబుతాయి.

మొదటిది బస్సుల జాతీయీకరణ, అంటే ప్రైవేటు యజమానులు నడిపే మార్గాలను ప్రభుత్వ రోడ్డు రవాణా సంస్థకు అప్పగించడం. సంస్థ పథకాన్ని ప్రకటించాలనీ, దానిపై వచ్చిన అభ్యంతరాలను ప్రభుత్వం విని తేల్చాలనీ నాటి చట్టం చెప్పింది. కృష్ణా జిల్లా మార్గాల విషయంలో వాదనలు విన్నది కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి కావడంతో, విన్నవాడే తీర్పు చెప్పాలనే సహజన్యాయ సూత్రం భంగపడిందని సుప్రీంకోర్టు 1958లోనే తప్పుపట్టింది. కర్నూలు కేసు అంతకంటే లోతైనది. ముందు అనుకున్న జిల్లాల వరుసను పక్కనపెట్టి కర్నూలు పశ్చిమ భాగపు మార్గాలను ముందుకు తెచ్చారనీ, అక్కడి యజమానులలో తన రాజకీయ ప్రత్యర్థులు ఉన్నందునే ముఖ్యమంత్రి అలా చేయించారనీ ఆరోపణ వచ్చింది. ఆ ఆరోపణను ఖండిస్తూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్, అంటే ప్రమాణపూర్వక వాంగ్మూలం, దాఖలు చేయలేదు. కనుక అది ఖండన లేకుండానే నిలిచిపోయిందని న్యాయస్థానం పేర్కొని పథకాలను రద్దు చేసింది. ఆ తీర్పు తరువాత, 1964 ఫిబ్రవరిలో, ఆయన పదవి విడిచారు.

జాతీయీకరణ తప్పని న్యాయస్థానం అనలేదు; ప్రజాహితమైన పనిలోనూ ఎవరి వంతు ముందు వస్తుందన్న చోటే పక్షపాతం దాగగలదన్నది ఈ కేసు నేర్పిన సత్యం. వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం పీఠభూమికి ఇది పుస్తకజ్ఞానం కాదు. తుంగభద్ర ఎగువ కాలువ చివరి ఆయకట్టులో వేరుశనగకు ఊడలు దిగే వేళ పై తూము మూయడం వారం ఆలస్యమైతే, ఎవరూ ఏ నిబంధననూ మీరకుండానే, ఒక ఊరి పంట పోతుంది. తీర్పు వచ్చాక పదవి వదలడం గౌరవనీయమే, నేటి రాజకీయాలలో అరుదు కూడా. కాని రాజీనామా సమాధానం కాదు. ఎందుకు ముందు అని అడిగినవారికి ప్రమాణం చేసి బదులు చెప్పడం అంతకంటే పెద్ద బాధ్యత, అది మాత్రం నెరవేరలేదు.

రెండవది 1979 నాటిది. ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా తరువాత రాష్ట్రపతిగా సంజీవరెడ్డి మొదట ప్రతిపక్ష నాయకుడు చవాన్‌ను, ఆపైన చరణ్‌సింగ్‌ను ప్రభుత్వ స్థాపనకు పిలిచారు. పార్లమెంటును ఎదుర్కోకుండానే ఆగస్టు 20న చరణ్‌సింగ్ వైదొలిగినప్పుడు దళిత నాయకుడు జగ్జీవన్‌రామ్ తనకూ అవకాశం కోరారు. రెండు రోజులకే లోక్‌సభ రద్దయింది. ఎవరిని ముందు పిలవాలో, ఎవరిని అసలు పిలవనక్కరలేదో రాజ్యాంగం చెప్పదు, ఆ ఖాళీని రాష్ట్రపతి విచక్షణ నింపుతుంది. దళిత నాయకుడొకరు ప్రధాని అయ్యే అవకాశం అక్కడ మూసుకుపోయిందన్న ఆవేదన న్యాయమైనది. సభలో జగ్జీవన్‌రామ్ బలం ఎంతో సభ్యులే తేల్చవలసింది, ఆ పరీక్ష జరగనివ్వలేదు.

1989లో వెలువడిన తన జ్ఞాపకాల పుస్తకానికి సంజీవరెడ్డి భయపక్షపాతాలు లేకుండా అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.