లాకులో ఎక్కుట, దిగుట

వాక్యభాగము: ఫిలిప్పీయులకు 4:10–20



పౌలు బంధకములలోనుండి ఈ పత్రిక వ్రాయుచు, తక్కువలో ఎట్లుండవలెనో, ఎక్కువలో ఎట్లుండవలెనో తాను నేర్చుకొనినట్లు చెప్పుచున్నాడు. నేర్చుకొనుట అను మాటను గమనింతము. అది పుట్టుకతో వచ్చిన గుణము కాదు. ఎక్కుటకు ఒక పాఠమున్నది, దిగుటకు మరియొక పాఠమున్నది. ఇంగ్లండు దేశపు కాలువలమీద పడవలలో కాపురముండువారి బ్రతుకు ఈ రెండు పాఠములను మనకు తేటపరచును.

ఆ పడవను నారోబోటు, అనగా ఇరుకు పడవ అందురు. దాని వెడల్పు ఇంచుమించు 7 అడుగులే. పొడవు 70 అడుగుల వరకు ఉండును. పూర్వము గుర్రము గట్టుమీద నడచుచు బొగ్గు పడవను లాగెడిది. చోటంతయు సరకునకే పోగా, వెనుకనున్న 10 అడుగుల గదిలో తలిదండ్రులు, బిడ్డలు, పొయ్యి, పడక అన్నియు ఇమిడెడివి. ఒకచోట నిలుకడ లేదు గనుక పిల్లలకు చదువు అబ్బెడిది కాదు. గట్టుమీది జనులు వారిని చిన్నచూపు చూచిరి. 1877లో చట్టము చేసి, ఒక్కొక్క పడవలో ఎందరుండవచ్చునో నిర్ణయించిరి. 1962–63 చలికాలములో కాలువలు వారముల తరబడి గడ్డకట్టగా, అప్పటికే క్షీణించుచున్న ఆ సరకు వ్యాపారము మరింత దెబ్బతినెను. నేడును పడవనే ఇల్లు చేసికొనినవారు అక్కడ అనేకులున్నారు. కట్టుకొనుటకు సొంత రేవు లేనివారు సాధారణముగా ఒకేచోట 14 దినములకు మించి ఉండరాదని 1995 నాటి చట్టము. మంచినీళ్లు పట్టుకొనవలెను, మరుగుదొడ్డి తొట్టి మోసి పారబోయవలెను, చలికి కుంపటి ఆరనీయకూడదు. అయినను తెల్లవారగానే తలుపు తీసినయెడల నీళ్లు, చెట్లు, పక్షులు వారి వాకిటనే యుండును.

కాలువ కొండనెక్కవలసిన చోట లాకులుండును. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట కాలువలమీది లాకులు చూచినవారికి ఇది క్రొత్త కాదు. ఇంగ్లండులో టార్డెబిగ్ అను చోట 30 లాకులు వరుసగా ఉన్నవి. వాటిలో పడవ 220 అడుగుల ఎత్తు ఎక్కును.

మొదటిది, ఎక్కుట. పైకి పోవలసిన పడవ ముందుగా లోతైన గుంటలోనికి చొచ్చును. ఇరుప్రక్కల తడిసిన గోడలు, వెనుక మూసిన తలుపులు. చూచువాడు, ఈ పడవ చెరలో పడినదనుకొనును. పడవవాడు టన్నుల బరువును భుజములతో ఎత్తలేడు. తూము తెరచి కనిపెట్టుటయే అతని పని. పైనుండి వచ్చు నీరే పడవను లేపును. నీరు రెండువైపుల సమమగువరకు పదిమంది త్రోసినను తలుపు కదలదు. సమమైన పిమ్మట ఒక్కడు వీపు ఆనించి త్రోయగా తెరచుకొనును. మూసిన తలుపుల మధ్యనున్న ప్రియులారా, దేవుడు మిమ్మును మరచెనని తలంచకుడి. నీరు ఎక్కుచునేయున్నది.

రెండవది, దిగుట. ఇందులోనే అపాయమెక్కువ. పైతలుపుల క్రింద ఒక గడప లోనికి పొడుచుకొని యుండును. లాకు నిండియున్నప్పుడు అది కానరాదు. అందుచే గోడమీద గీత వేసియుంతురు. పడవ ఆ గీతకు ముందే నిలువవలెను. వెనుకకు జరిగెనా, నీరు దిగునప్పుడు వెనుకభాగము గడపమీద చిక్కుకొనును, ముందుభాగము క్రుంగును, పడవ మునుగును. నీరు తగ్గినందున అది మునుగలేదు. నీటితోకూడ దిగక పైమెట్టును పట్టుకొనినందున మునిగెను.

మన గ్రామములలో ఇట్టి గడప లేదా? పంట పోయిన యేటనే, తాతలనాటి పేరు నిలువవలెనని అప్పుచేసి పెండ్లి జరిపించుదుము. నలుగురేమనుకొందురో అని పొలము తాకట్టు పెట్టుదుము. వడ్డీ పెరుగును, ఇల్లు ఒరుగును. తగ్గుట పాపము కాదు, సిగ్గును కాదు. ఇదే పత్రిక రెండవ అధ్యాయములో మన ప్రభువు తన మహిమను పట్టుకొని వ్రేలాడక, దాసుని రూపమువరకు, సిలువవరకు దిగెనని చదువుచున్నాము. ఆయన దిగిన చోటికి దిగుటకు మనము వెరవనేల? ఎవరైన ఇదివరకే చిక్కుకొనియుండినయెడల, పడవవారు చేయునట్లు చేయుడి: క్రింది తూములు వెంటనే మూసి, మెల్లగా మరల నీరు రానిత్తురు. అట్లే క్రొత్త అప్పు మాని, కాపరితోనో పెద్దలతోనో సంగతి దాచక చెప్పుడి.

మూడవది, ఎక్కినవాడు క్రిందివానిని మరువరాదు. ఇరుకు లాకు ఒక్కసారి నిండుటకు సుమారు లక్ష లీటర్ల నీరు కావలెను. తూము మూయక ఒకడు సాగిపోయినచో పైకాలువ ఎండి, వెనుక వచ్చువాని పడవ బురదలో కూర్చుండును. దేవుడు మనలను లేపిన నీరు మన సొత్తు కాదు. ఫిలిప్పీ సంఘము తన లేమిలోనే పౌలునకు కానుక పంపెను. ఈ నెలలో మన సంఘములో దిగుచున్న కుటుంబమేదో కనుగొని, వారి గడప తొక్కుదము. మాట చెప్పుటకు మాత్రమే గాక, గింజలు కొలిచి ఇచ్చుటకును పోవుదము.

మనలను బలపరచు క్రీస్తు, ఎక్కునప్పుడు ఓర్పును, దిగునప్పుడు ధైర్యమును మనకు దయచేయును గాక. ఆమేన్.