చవకవేషం

బెజవాడ బడులలో విచిత్రవేషధారణ పోటీలంటే, అద్దె భరించలేని తల్లులు ఇంట్లోనే వేషం కడతారు. అట్టముక్క కిరీటమవుతుంది, అమ్మ చీర పట్టుపీతాంబరమవుతుంది. మెచ్చదగినదే. కాని అన్నిటికంటే చవకవేషం ఏది? రైతు. పాతపంచ, తలపాగా, చేత కర్ర. చొక్కా చింపి మసిపూస్తే బిచ్చగాడు. ఉన్నవాళ్ల పిల్లవాడు లేమిని కాసేపు తొడుక్కుంటే సభ చప్పట్లు కొడుతుంది.

కృష్ణాడెల్టాలో ఒకప్పటి పగటివేషాల సంగతి వేరు. ఊరూరా తిరిగి వేషంమీద బతికేవాడే సోమయాజులై, సోమిదేవమ్మై, పెద్దల నడకనూ మాటనూ పెద్దల వాకిట్లోనే అనుకరించేవాడు. నవ్వు కిందినుంచి పైకి పోయేది. ఈ పోటీలలో పైనుంచి కిందికి దిగుతున్నది.

వేషాలు వద్దని నేననను. బందరు కాలువ కింద నాట్లువేసే మనిషి కూతురు అదే తరగతిలో కూర్చుని ఉంటే, ఆ పిల్ల కూడా చప్పట్లు కొట్టిందా అని మాత్రం అడుగుతున్నాను.