ఆపదకు ముందరి ధర్మము

మంత్రాలయ క్షేత్రమును సేవించు భక్తులలో వెంకన్న కథ నెరుగనివారు అరుదు. తల్లిదండ్రులు లేని బాలుడు. మేనమామ పంచన పశువులు కాచుకొనుచు, అక్షరమునకు నోచుకొనక పెరిగెను. శ్రీ రాఘవేంద్రస్వాములవారు ఆ త్రోవను వేంచేసినపుడు తన దుఃఖమును వారి పాదముల చెంత చెప్పుకొనెను. కష్టము వచ్చిననాడు తమ్ము తలచుకొమ్మని స్వామి అభయమిచ్చిరి. తరువాత ఆదోని నవాబు లేఖ నొకటి చదువుమని గద్దించుట, బాలుడు గురుస్మరణముతో చదువగలుగుట, పిదప దివానగుట మనకు తెలిసినవే. 1671లో స్వామివారు మంచాల గ్రామమున ప్రవేశించిన బృందావనము ఆ దివాను ఆధ్వర్యముననే సిద్ధమైనదని సంప్రదాయము.

ఈ కథ చెప్పునపుడు మనము లేఖ దగ్గర ఆగి చేతులు జోడింతుము. నాకు మాత్రము అంతకు ముందరి ఘట్టమే పెద్దదిగా తోచును. అప్పటికి నవాబు రాలేదు, కత్తి దూయలేదు. అయినను ఒక మహనీయుడు పసుల కాపరి మాట వినుటకు త్రోవలో నిలిచెను. అది వాని ప్రారబ్ధమని అనదలచినచో అనవచ్చును. స్వామి అనలేదు. మనము అనుచున్నామా అనునదే నేటి ప్రశ్న.

క్షేత్రము చుట్టునున్న పల్లెలనే చూడుడు. తుంగభద్ర చేరువనే ఉన్నను, మంత్రాలయము, కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని మండలములలో అనేక చేలకు వానయే దిక్కు. వాన మొగము చాటేసిన ఏడు ఇండ్లకు తాళములు పడును. ‘సుగ్గికి పోయినారు’ అందురు. గుంటూరు ప్రాంతపు మిరపకాయ కోతకు, పత్తి తీతకు కుటుంబములు లారీలెక్కి పోయి, నెలల తరబడి చేల గట్లపై గుడిసెలలో ఉందురు. చంటిబిడ్డను చూచుకొనుటకు బడిమాన్పించి పెద్దపిల్లను వెంట తీసికొని పోవుదురు. తిరిగి వచ్చునప్పటికి పరీక్షలు దాటిపోవును. మరు సంవత్సరము ఆ పిల్ల బడి గడప తొక్కదు.

ఈడు వచ్చిన ఆడపిల్ల సంగతి ఇంకను కఠినము. ఇంట ఒంటరిగా విడువలేరు, గుడిసెలకు తీసికొని పోవ భయము. పదునెనిమిదేండ్లు నిండక మునుపే పెండ్లి చేసి గుండెల బరువు దించుకొందురు. ఆ తండ్రిని పాపి యనుట సులభము. చట్టము తప్పే యనును, తప్పే. కాని భయపడిన రాత్రి అతనికి మరియొక దారి చూపిన వారెవరు?

దారి లేకపోలేదు. సుగ్గి నెలలలో పిల్లలను ఊరి బడిలోనే ఉంచి, అన్నము పెట్టి, రాత్రి పడకకు చోటిచ్చు వసతి కేంద్రములను సర్వశిక్షా అభియాన్ కింద నడిపిరి; సీజనల్ హాస్టళ్లని జనులు పిలుతురు. ఆడపిల్లలకు 2004 నుండి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు వచ్చినవి. ఇవి నేరమును శిక్షించునవి కావు, అది పుట్టు చోటును మూయునవి. అయితే ప్రభుత్వము గది ఇయ్యగలదు, బియ్యము ఇయ్యగలదు. ముసలి అవ్వ దగ్గర కూర్చుండి ‘నీ మనుమరాలిని మేము చూచుకొందుము’ అని నమ్మిక పలుకవలసినవారు ఊరివారే.

గురుచరిత్రలో మరియొక పుట ఉన్నది. దానిని మనము వేగముగా తిరుగవేయుదుము. 1621లో తంజావూరున వేంకటనాథులు సన్న్యాసము స్వీకరించినపుడు, వారి ధర్మపత్ని సరస్వతీబాయి దుఃఖమోపలేక బావిలో ప్రాణము విడిచెనందురు. పిదప స్వామి కరుణించి ఆమెకు సద్గతి కలిగించిరి. నేను గురువులను ప్రశ్నించుట లేదు. ఆనాడు ఊరివారి కన్నులన్నియు పీఠము వైపే ఉండియుండును. ఆమె గడపలో ఒక్క పొరుగింటి తల్లి కూర్చుండియున్న ఎట్లుండెడిదో యని మాత్రము తలచుచుందును.

క్షేత్రమునకు వచ్చి అన్నదానమునకు ద్రవ్యమిచ్చు గృహస్థులు ధన్యులు. యాత్రికుని ఆకలి పంక్తిలో కనబడును. సుగ్గికి పోవు ఇంటి ఆకలి తాళపుకప్ప వెనుక ఉండును, అడిగి తెలిసికొనవలసినదే. అందులో ఒక చిక్కు కూడ ఉన్నది. అప్పుల కాగితమును, ఆడపిల్ల వయస్సును ఆరాతీయుచు వచ్చు పెద్దమనిషిని ఏ ఇల్లాలు లోనికి రానిచ్చును? పరువు గలవారు తలుపు వేసికొందురు. కనుక వెళ్లువారు ఆమె ఎరిగినవారై, పిన్నమ్మా, వదినా అని పిలువదగినవారై యుండవలెను.

వెళ్లుటకు కాలము కూడ తక్కువ. పంట లేదని తేలిన దినమునకును లారీ వచ్చు దినమునకును నడుమ ఉన్నవి కొలదివారములు. ఆ లారీ కదలిన మరునాడు వసతి గృహము తెరచినచో, వంటమనిషి వచ్చును, బియ్యపు బస్తాలు వచ్చును. పిల్లలు మాత్రము గుంటూరు త్రోవన ఉందురు.