అడగకుండా తెలుసుకోవడం న్యాయమా?

మొన్న బరంపురంలో కంటి ఆసుపత్రి వరుసలో కూర్చొని ఉండగా బెంగుళూరు నుండి మా అబ్బాయి ఫోను చేశాడు. "నాన్నగారూ, ఆసుపత్రిలో ఎందుకున్నారు?" అన్నాడు. కంగారు పడతారని ఇంట్లో కూడా చెప్పకుండా వెళ్ళిన వాడిని. పండుగకు వచ్చినప్పుడు నా ఫోనులో వాడే ఏదో అమర్చి వెళ్ళాడట. వాడి ప్రేమను నేను శంకించను. కాని నా మాట నేను చెప్పుకొనే అవకాశం పోయిందని మనస్సు చివుక్కుమన్నది.

ఈ పని ఎట్లా జరుగుతుంది? రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సెకనులో పది లక్షలవ వంతు సమయం పట్టిందంటే దూరం 300 మీటర్లన్నమాట. మూడు టవర్ల నుండి దూరాలు తెలిస్తే, బడిలో వృత్తలేఖినితో మూడు వృత్తాలు గీసినట్లే, అవి కలిసే చోట ఫోను ఉన్నట్టు. ఉపగ్రహాల పద్ధతికీ మూలం ఇదే. గడియారపు తేడా సవరించుటకు అక్కడ నాలుగవది కావాలి. ఇంటి లోపలైతే చుట్టుపక్కల వైఫై పెట్టెల గుర్తులను బట్టి పోల్చుకొంటుంది.

లెక్కలో దోషం లేదు. ఎవరు ఎవరిని, ఏ హక్కుతో చూస్తున్నారన్నదే ప్రశ్న. అమెరికాలో కార్పెంటర్ అనే నిందితుని 127 రోజుల టవరు రికార్డులను పోలీసులు వారంటు లేకుండా తీసుకొన్నారు. అందులో అతడున్న చోట్లు 12,898! అది చెల్లదని 2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన సుప్రీంకోర్టు 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. బెయిలు పొందిన వ్యక్తి గూగుల్ మ్యాపులో తానున్న చోటు పోలీసులకు చూపుతూ ఉండాలన్న షరతును 2024 జూలైలో కొట్టివేసింది.

నిందితునికి దక్కిన ఈ మర్యాద ఇంట్లో భార్యకు, ఎదిగిన కూతురికి, ముసలి తండ్రికి దక్కనక్కరలేదా? మతిమరుపుతో దారి తప్పే పెద్దల విషయం వేరు, పసిబిడ్డల విషయం వేరు. వారి కోసమైతే ఈ సాధనం మేలే. కాని అడిగితే జవాబు చెప్పగల మనిషిని అడగకుండా కనిపెట్టడం, ఎంత ప్రేమతో చేసినా, నమ్మకం లేదని చెప్పడమే కదా? ఉపాధ్యాయుడిగా పిల్లల సంచులు వెనుకనుండి వెదికిన రోజులు నాకూ ఉన్నాయి. అప్పుడది క్రమశిక్షణ అనుకొన్నాను.

దానిని తీసివేయమని మా అబ్బాయితో అనలేదు. "ఉండనీ, నీవున్న చోటు కూడా నాకు కనబడేటట్లు పెట్టు" అన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు.