నేపథ్యంలో నిలిచిన మనిషి: విశాఖ తీరంలో ఫ్యాషన్ ఛాయాచిత్రణ - ఒక నైతిక పరిశీలన

విశాఖపట్నంలో ఫ్యాషన్, జీవనశైలి ఛాయాచిత్రాలు తీసేవారి పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఇందుకు కారణం ఆ ఊరి భౌగోళిక స్థితి. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి వెళ్లిపోతాడు. నీటిమీదుగా ఏటవాలుగా వచ్చి ముఖంమీద మెత్తగా పడే వెలుగు ఉదయం కొద్దిసేపు మాత్రమే దొరుకుతుంది. ఎండ పైకెక్కితే కళ్లకింద నీడలు గట్టిపడతాయి. ఇసుక తెల్లగా మెరిసి బట్టల రంగును మింగేస్తుంది. రామకృష్ణా బీచ్‌కు వెళ్లినా, ఋషికొండ, యారాడ, భీమునిపట్నాలకు వెళ్లినా ఈ నియమం మారదు. అయితే ఆ వేళకు తీరంమీద మరొక వృత్తి కూడా పనిలో ఉంటుంది. వేటకు వెళ్లిన పడవలు చేపలరేవుకు తిరిగివచ్చేదీ, వేలంపాట సాగేదీ, కొన్న చేపలను స్త్రీలు గంపలకెత్తుకుని ఊళ్లోకి బయలుదేరేదీ ఆ వెలుగులోనే. రెండు వృత్తులు ఒకే ఇసుకమీద, ఒకే గంటలో కలుసుకుంటాయి.

ఈ కలయికనుంచి పుట్టే చిత్రం తెలుగునాట అందరికీ పరిచితమే. పెళ్లికి ముందు తీసే ఆల్బమ్‌లోనో, వస్త్రదుకాణం ప్రకటనలోనో ముందుభాగంలో కొత్త దుస్తుల్లో ఒక జంట నిలబడి ఉంటుంది. వెనుక నీలం, పసుపు రంగులు పూసిన పడవ పక్కభాగం, కుప్పగా పోసిన వల, ఆ వల పక్కన కొద్దిగా మసకబారిన ఒక మనిషి. అతను కావాలనే మసకబార్చబడ్డాడు. కటకం రంధ్రాన్ని వెడల్పుగా తెరిచి ఉంచితే ముందున్నవారు స్పష్టంగా, వెనుకనున్నవారు అస్పష్టంగా వస్తారు. చిత్రానికి ‘తీరం’ అనే అనుభూతిని సమకూర్చినవాడు అతనే; ఆ చిత్రంలో ఎవరూ కానివాడూ అతనే. అతనికి ఛాయాచిత్రకారుడు ఏమైనా బాకీపడతాడా, పడితే అది ఎటువంటి బాకీ అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఉద్దీపన విభావంగా మనిషి

ఈ ప్రశ్నను అడగడానికి కావలసిన పరిభాష భారతీయ అలంకారశాస్త్రంలోనే ఉంది. రసనిష్పత్తికి కారణమయ్యే విభావాన్ని ఆలంకారికులు ఆలంబనమనీ, ఉద్దీపనమనీ రెండుగా విభజించారు. శృంగారంలో నాయికానాయకులు ఆలంబనం. వెన్నెల, ఉపవనం, మలయమారుతం, కోయిల కూత మొదలైనవి ఉద్దీపనం. ఆలంబనం లేనిదే భావానికి ఆశ్రయం లేదు. ఉద్దీపనం ఆ భావాన్ని రగిలిస్తుంది. పెళ్లి ఆల్బమ్ ఈ విభజనను తెలియకుండానే తు.చ. తప్పకుండా పాటిస్తుంది. జంట ఆలంబనం, సముద్రం, ఉదయకాంతి, తడి ఇసుక ఉద్దీపనం. చిక్కు పడవ పక్కనున్న మనిషితోనే వస్తుంది. చిత్రంలో అతను చేసే పని వెన్నెల చేసే పనే. కాని అతను వెన్నెల కాడు.

శృంగార విభావాలను చెబుతూ భరతుడు ఋతువులు, మాల్యాలు, ఆభరణాలతోపాటు ప్రియజనుల సాంగత్యాన్ని కూడా చేర్చాడు. అంటే మనుషులు ఉద్దీపనం కావడం శాస్త్రవిరుద్ధమేమీ కాదు. అయితే ఆ మనుషులకు నాయికానాయకులతో సంబంధం ఉంది. చెలికత్తె నాయిక మనసెరిగినది. ఆమెకు మాట ఉంది, కొన్నిసార్లు నాయికను మందలించే చనువు కూడా ఉంది. ఏ సంబంధమూ లేని, తన పని తాను చేసుకుంటున్న అపరిచితుణ్ణి ప్రేమకు అలంకారంగా నిలబెట్టడం వేరే సంగతి.

ప్రేమకథలో జాలరికి చోటుండటం కొత్త కాదు. అభిజ్ఞాన శాకుంతలం ఆరో అంకానికి ముందు వచ్చే ప్రవేశకంలో, చేప కడుపులో రాజముద్రిక దొరికిన బెస్తవాడు కనిపిస్తాడు. అతణ్ణి రాజభటులు కట్టి తీసుకువస్తారు, అతని వృత్తిని హేళన చేస్తారు. అతను ఊరుకోడు. పుట్టుకతో వచ్చిన పని నిందలపాలైనా విడువదగినది కాదని బదులిస్తాడు. ఉంగరం అతని చేతికి చిక్కకపోతే దుష్యంతుడికి శకుంతల జ్ఞాపకం రాదు. నాటకం ముందుకు నడవదు. ఉన్నది కొద్దిసేపే అయినా కాళిదాసు అతనికి మాటనిచ్చాడు, కోపాన్నిచ్చాడు, చివర బహుమానాన్నీ ఇప్పించాడు. విశాఖ తీరంలోని ఆల్బమ్‌లో అతని వంశీయుడికి దక్కినది మసక రూపు మాత్రమే.

చట్టం చూసే ఇద్దరు

బహిరంగ ప్రదేశంలో కనిపించేదానిని చిత్రించే స్వేచ్ఛ అందరికీ ఉందన్నది సాధారణంగా వినిపించే సమాధానం. ఇది తేలికగా తోసిపుచ్చదగినది కాదు. ఈ స్వేచ్ఛ లేకపోతే వీధి ఛాయాచిత్రణ లేదు, పత్రికా ఛాయాచిత్రణ అసలే లేదు. కాని విశాఖలో ఈ స్వేచ్ఛ అందరి విషయంలో ఒకేలా లేదన్నది గమనించాలి. నౌకాదళ స్థావరంలో, రేవు నిషిద్ధ ప్రాంతాల్లో అనుమతి లేకుండా కెమెరా ఎత్తడానికి వీల్లేదు. అక్కడ యుద్ధనౌక తన చిత్రాన్ని నిరాకరించగలదు. దానికి కొద్ది దూరంలో చేపలరేవులో వల బాగుచేసుకుంటున్న మనిషికి ఆ వెసులుబాటు లేదు. ఇదే నగరంలోని ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్‌లకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. యంత్రానికి పేరున్న ఊళ్లో చిత్రంలోని మనిషికి పేరు లేకపోవడం కొంత విడ్డూరమే.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఛాయాచిత్రానికి కర్త దానిని తీసిన వ్యక్తి. ప్రతిఫలం చెల్లించి ఎవరైనా తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కుదారు ఆ తీయించుకున్న వ్యక్తి. అంటే చిత్రం చుట్టూ ఈ చట్టం చూసేది ఇద్దరినే: తీసినవాణ్ణి, డబ్బిచ్చినవాణ్ణి. చిత్రంలో ఉన్న మూడో మనిషి యాజమాన్య విచారణలోకే రాడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన మాట నిజమే. కాని పడవ పక్కన మసకగా పడినందుకు న్యాయస్థానం మెట్లెక్కే జాలరిని ఊహించడం కష్టం. చట్టం మౌనంగా ఉన్న ఇటువంటి చోట నీతిశాస్త్రం పని మిగిలే ఉంటుంది.

ఈ మౌనానికి చరిత్ర ఉంది. 1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ ఈ దేశపు మనుషులను కులానికో తెగకో నమూనాలుగా చూపింది. అక్కడ ముఖం స్పష్టంగానే ఉంటుంది. కాని ఆ ముఖం ఒక వర్గానికి ఉదాహరణ. మరోవైపు హైదరాబాద్ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను ఒక మహిళకు అప్పగించాడు. ఎదుటివారి మర్యాదకు తగినట్టు కెమెరా తన పద్ధతినే మార్చుకోగలదని ఆ స్టూడియో రుజువు చేసింది. అయితే ఆ మర్యాద దక్కింది డబ్బిచ్చి తీయించుకోగల ఇళ్లవారికే. నేటి ఫ్యాషన్ ఛాయాచిత్రకారుడు ఈ రెండు వారసత్వాలనూ ఒకే చట్రంలో పెట్టుకుంటున్నాడు: ముందున్నవారితో దీన్‌దయాళ్ మర్యాద, వెనుకనున్నవారితో ఆ సంపుటాల ధోరణి.

అతను తిరిగి చూస్తే

ఏ చిత్రం మనిషిని మనిషిగా ఉంచుతుంది, ఏది వస్తువుగా మారుస్తుంది అని తేల్చడానికి ఒక పరీక్షను ప్రతిపాదించవచ్చు. నేపథ్యంలోని ఆ మనిషి సరిగ్గా ఆ క్షణంలో తలెత్తి నేరుగా కటకంలోకి చూశాడనుకోవాలి. అప్పుడు చిత్రం ఏమవుతుంది? రేవు జీవితాన్ని నమోదు చేస్తున్న చిత్రమైతే అతని చూపువల్ల మరొక చిత్రం అవుతుంది; బహుశా మెరుగైనదే అవుతుంది. ఫ్యాషన్ చిత్రమైతే పాడవుతుంది. చూసేవారి కన్ను జంటను వదిలి అతనిమీదికి పోతుంది. చీర అంచు ఎవరికీ పట్టదు. ఛాయాచిత్రకారుడు ‘అటు చూడు బాబూ’ అని చెప్పి మళ్లీ తీస్తాడు. ఒక మనిషి చూడటంవల్లనే చిత్రం చెడిపోయిందంటే, అతను చూడలేనివాడిగా ఉండటమే దాని అందానికి షరతు అయిందన్నమాట. నైతికమైన అభ్యంతరం ఈ షరతుమీదనే గాని ఫొటో తీయడంమీద కాదు.

ఫొటో తీయడమంటే ఎదుటివారిని స్వాధీనం చేసుకోవడమేనని సూసన్ సోంటాగ్ 1977లో వెలువడిన తన గ్రంథంలో వాదించింది. ఆ వాదం మొత్తం ఛాయాచిత్రణను ఒకే గాటన కట్టివేస్తుంది. ఇక్కడ అంత దూరం పోనక్కరలేదు. అదే తీరంలో, అదే మనిషిని, అతని పేరడిగి, అతనితో రెండు మాటలాడి, అతనికి తీసిన బొమ్మ చూపించి తీసే చిత్రమూ సాధ్యమే.

అడిగితే సహజత్వం పోతుందన్నది వృత్తిలోనివారి ఆక్షేపణ. అందులో కొంత నిజముంది. డబ్బిస్తే సరిపోతుందన్నది మరొక పరిష్కారం. అందులోని చిక్కు ఇంకా సూక్ష్మమైనది. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట విసురు వల వేస్తున్నవాడికి కొంత సొమ్మిచ్చి, వెలుగు బాగుందని, మళ్లీ ఒకసారి విసరమని అడగవచ్చు. అతను విసురుతాడు. ఈసారి చేపల కోసం కాదు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుంటుంది, చిత్రం అద్భుతంగా వస్తుంది. పనికి కూలి లభించింది కాబట్టి అన్యాయమేమీ జరగలేదనవచ్చు. ఏ నటుడైనా చేసేది ఇదే. అయినా తన బతుకును తానే అభినయించినందుకు, ఆ బతుకు రోజంతా ఇచ్చేదానికన్నా ఎక్కువ రావచ్చునన్న సంగతి అతనికి ఆ క్షణంలో తెలిసిపోతుంది. ఇది ఛాయాచిత్రకారుడి తప్పు కాదు. కాని సొమ్మివ్వడంతో లెక్క పూర్తిగా తీరిపోయిందనుకోవడం పొరపాటు. అడగటం, ఇవ్వటం రెండూ అవసరమే. వాటిలో అడగటం ముందుది. కాదనే అవకాశం అడిగినప్పుడే ఉంటుంది గనుక.

ఇక చెరిపివేత. ఇప్పుడు కంప్యూటర్‌లో వేలి కదలికతో నేపథ్యంలోని మనిషిని, అతని పడవను, ఎండబెట్టిన చేపలను తొలగించి ఖాళీ ఇసుకను నింపవచ్చు. వాడుకోవడంకన్నా ఇది మేలని తోస్తుంది. అతని రూపాన్ని ఎవరూ తీసుకోలేదు కదా. కాని చెరిపివేత అతని గురించి కాకపోయినా తీరం గురించి ఒక అబద్ధం చెబుతుంది: ఇక్కడ ఎవరూ లేరని. ఒక ఆల్బమ్‌లో ఈ అబద్ధం ఏపాటిది? వేల చిత్రాల్లో పోగుపడినప్పుడు మాత్రం నగరం తన తీరాన్ని ఆ కళ్లతోనే చూడటం నేర్చుకుంటుంది. అప్పుడు పెదజాలరిపేటలో ఆరబెట్టిన వల అక్కడి సంగతిగా కాక, దృశ్యానికి అడ్డుగా కనిపిస్తుంది. వాడుకోవడమూ చెరపడమూ పరస్పర విరుద్ధాలుగా కనిపించినా, తీరాన్ని ఎవరిదీ కానిదిగా భావించడంలో రెండూ ఒకటే.

ఈ భారమంతా ఛాయాచిత్రకారుడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. అతనూ కూలివాడే. ఉప్పుగాలికి కెమెరా లోపలి లోహం తుప్పుపడుతుంది, తేమకు కటకాల్లో బూజు పడుతుంది. పరికరాల వాయిదాలు ఆగవు. వెలుగున్న కొద్దిసేపట్లో మూడు జతల బట్టలు మార్పించి, ఒప్పుకున్నన్ని చిత్రాలివ్వాలి. వెనుక పడవ కావాలన్నది తరచు డబ్బిచ్చినవారి కోరికే. వారికి ఆ కోరిక పుట్టించినవి అంతకుముందు చూసిన చిత్రాలు, సినిమాలు. 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’ నాటినుంచి ఈ తీరం తెలుగువారి ప్రేమ ఊహల్లో స్థిరపడిపోయింది. అయినా చట్రంలో ఎవరుండాలో, ఎవరు మసకబారాలో చివరకు నిర్ణయించే వేలు ఒకటే. బాధ్యత పంచుకోబడినంతమాత్రాన ఆ వేలికి తన వాటా తగ్గదు.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో మంటలు చెలరేగి సుమారు 40 పడవలు కాలిపోయాయి. మర్నాటికి ఆ రేవు చిత్రాలు దేశమంతా చూసింది. వాటిలో మత్స్యకారులు స్పష్టంగా ఉన్నారు. నేరుగా కటకంలోకి చూస్తూ మాట్లాడుతున్నారు. నేపథ్యం ముందుకు రావడానికి పడవ కాలవలసి వచ్చింది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లుపెట్టే కాలమది. పడవలన్నీ రేవులో వరసగా కట్టివేసి ఉంటాయి. ప్రభుత్వమిచ్చే భృతి తప్ప ఆ ఇళ్లకు సముద్రంనుంచి రాబడి ఉండదు. వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్లి ముహూర్తాలు చాలావరకు ఆ రోజుల్లోనే పడతాయి కాబట్టి కెమెరాలు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. కదలని పడవల వరస చిత్రానికి మరింత అనువు. వేట లేని ఆ రోజుల్లో మత్స్యకారులు వలలు కుట్టుకుంటారు, ఇంజన్లు విప్పి బాగుచేసుకుంటారు, పడవలకు కొత్త రంగు వేసుకుంటారు. ఆ కొత్త రంగుకు ఆనుకుని జంట నిలబడుతుంది. రంగు వేసినవాడు అదే పడవ నీడలో, చట్రానికి రెండడుగుల అవతల, వల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటాడు.